అరుదగు వ్యాధులు – మన కర్తవ్యము

2025వ సంవత్సరము అక్టోబరు 17వ తేదీన సుప్రీము కోర్టు ఒక మందును గూర్చి యిచ్చిన ఉత్తర్వును పలు పత్రికలు వ్యాపార వార్తలలో చేర్చి యూరకుండెను. మా దృష్టికి అది పసిబిడ్డల ప్రాణములకు సంబంధించిన వార్త. వెన్నుపాము నుండి కండరములకు ఆజ్ఞలు కొనిపోవు నరకణములు పసితనముననే క్షీణించు వ్యాధి యొకటి కలదు. వైద్యులు దానిని ఎస్.ఎం.ఎ. అందురు. అది తీవ్రరూపమున వచ్చిన శిశువు మెడ నిలుపలేదు, కూర్చుండలేదు. కడకు ఊపిరి తీయు శక్తియు సన్నగిల్లును. ఈ వ్యాధికి వాడు రిస్‌డిప్లామ్ అను మందును స్విట్జర్లాండు దేశపు రోష్ సంస్థవారు సీసా యొక్కింటికి 6 లక్షల రూపాయలకు పైబడిన వెలకు అమ్ముచుండిరి. హైదరాబాదులోని నాట్కో సంస్థవారు అదే మందును 15,900 రూపాయలకు అమ్మ సిద్ధపడిరి. పేటెంటు హక్కు పేర దీనిని ఆపవలెనని రోష్ వారు ఢిల్లీ హైకోర్టున వేసిన వ్యాజ్యములో నిషేధపుటుత్తర్వు ఇచ్చుటకు 2025 మార్చిలో ఏకన్యాయమూర్తియు, అక్టోబరు 9వ తేదీన ధర్మాసనమును నిరాకరించిరి. సుప్రీము కోర్టు అందు జోక్యము కలిగించుకొనలేదు. మందు అంగడికి వచ్చెను.

న్యాయవాద వృత్తియందున్న వారమగుటచే ఈ తీర్పు మేరలను కూడ చెప్పవలసియున్నది. ఇది మధ్యంతర నిషేధమును గూర్చిన నిర్ణయమేగాని, పేటెంటు చెల్లునా చెల్లదా యను తుది తీర్పు కాదు. ఒక రసాయన వర్గమునకంతకును ముందే పేటెంటు పొందినవారు, అందులోని యొకదానిని స్వల్పభేదముతో వేరుపరచి మరల పేటెంటు పొందుట చెల్లునా యను ప్రశ్న బలమైనదని న్యాయస్థానము తలచెను. క్రొత్త మందు కనుగొన్నవారికి ప్రతిఫలము దక్కుట న్యాయమే. ఆ ప్రతిఫలమునకు ఒక గట్టు ఉండవలెననుటయు న్యాయమే. మన గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోని క్యాన్సరు కేంద్రము నాట్కో పేరనే యున్నది గనుక, ఆ సంస్థ విజయమును పల్నాటివారు తమ యింటి శుభవార్తగా భావించినచో తప్పు లేదు.

కాని మమ్ము వేధించు ప్రశ్న మరియొకటి. మందు వెల 6 లక్షల నుండి 15,900కు దిగినది, సరియే. మాచర్ల మండలములోని ఒక మారుమూల గ్రామమున పుట్టిన శిశువునకు ఆ వ్యాధియే వచ్చినదని చెప్పగలవారెవరు? రోగమునకు పేరు పెట్టనిదే మందు చీటీ వ్రాయుటెట్లు? మందు చౌకయైనను నిర్ధారణ దుర్లభమైనచో, ఆ చౌకదనము పట్టణములు దాటి రాదు.

ఇది ఊహించి వ్రాయుచున్న మాట కాదు. విక్రయ దస్తావేజులలో అమ్మకమునకు కారణము వ్రాయు ఆచారము మన చదువరులెరిగినదే. కుమార్తె వివాహము నిమిత్తమనియు, పూర్వపు అప్పులు తీర్చు నిమిత్తమనియు వ్రాయింతురు. కొంతకాలము క్రిందట గురజాల ప్రాంతపు రైతొకడు రెండెకరముల మాగాణి అమ్ముచు, నాలుగేండ్ల కుమార్తె వైద్యము నిమిత్తమని వ్రాయించెను. ఏమి జబ్బని మేమడిగితిమి. "జబ్బేందో తెలుసుకోటానికే గదయ్యా ఈ అమ్మకం" అని అతడనెను. అతని చేతిసంచిలో ఐదుగురు వైద్యుల చీటీలుండెను. ఒకరు బలహీనత యనిరి. ఒకరు మూర్ఛకు మందిచ్చిరి. ఒకరు బిడ్డ తనంతట తానే పెరుగునని చెప్పి పంపిరి. బిడ్డకు నాలుగేండ్లు నిండినను మాట రాలేదు. ఎత్తు రెండేండ్ల బిడ్డకంటె మించలేదు. కడకు దూరపట్టణమున చేసిన యొక్క రక్తపరీక్షతో సంగతి తేలెను. పుట్టుకనుండియే ఆమె మెడలోని థైరాయిడ్ గ్రంథి పని చేయుట లేదట. పుట్టిన తొలి వారములలో తెలిసియున్నచో, దినమునకు కొలది రూపాయలు మించని మాత్రతో ఆ బిడ్డ తక్కిన బిడ్డలవలె పెరిగి బడికి పోవలసినది. ఇప్పుడు మాత్రలు శరీరమును కొంత పెంచునుగాని, పోయిన బుద్ధివికాసమును తిరిగి తేజాలవు. ఆ రైతు నెవరును మోసగింపలేదు. ఏ వైద్యుడును ద్రోహము తలపెట్టలేదు. పుట్టిన బిడ్డ మడమనుండి నాలుగు రక్తపుబొట్లు తీసి పరీక్షించు ఏర్పాటు ఆ ప్రసవమైన చోట లేకపోయినది. దోషమంతయు అదియే.

ఆ నాలుగు బొట్ల విద్య క్రొత్తది కాదు. అమెరికా దేశమున రాబర్ట్ గథ్రీ యను వైద్యుడు 1960 ప్రాంతమున రక్తపుబొట్టును కాగితముపై ఆరబెట్టి పరీక్షించు మార్గము చూపెను. తరువాత అనేక దేశములు శిశువులందరికిని ఈ పరీక్షను విధిగా చేయుచున్నవి. మన హైదరాబాదులోనే ప్రభుత్వాసుపత్రులలో పుట్టిన 18,300 మంది శిశువులను ఇట్లు పరీక్షించి, ఫలితములను 2004లో వైద్యపత్రికయందు ప్రకటించిరి. పుట్టుకతో వచ్చు థైరాయిడ్ లోపము 1,700 మందిలో ఒకరికున్నదనియు, జన్మతః వచ్చు జీవరసాయన లోపములన్నియు కలిపిన ప్రతి వేయిమందిలో ఒకరికున్నవనియు తేలినది. 2011 జనాభా లెక్కలను బట్టి నేటి పల్నాడు జిల్లా భూభాగమున 20 లక్షలకు పైగా జనులు గలరు. ఏటేట ఇచ్చట పుట్టు శిశువుల సంఖ్యను తలచుకొని, వేయికొకరను లెక్కను చదువరులే వేసికొనవచ్చును. ఒక్కొక్క వ్యాధి అరుదు కావచ్చును. అన్నియు కూడినప్పుడు అవి ప్రతి పేటలోను, ప్రతి పల్లెలోను ఏదో యొక యింట కూర్చున్నవి.

"అరుదు" అను మాటయే మనలను మోసగించుచున్నది. ఎవరి లెక్కలో అరుదు? దీనికి మన నడుమనే నిదర్శనమొకటి కలదు. శస్త్రచికిత్స చేయునపుడు కండరములను సడలించుటకు సక్సినైల్ కోలిన్ అను మందును సూదిద్వారా ఇత్తురు. ఎల్లర రక్తములోను దానిని విరుగగొట్టు పదార్థమొకటి యుండుటచే కొలది నిమిషములలో దాని ప్రభావము పోవును. ఆ పదార్థము లోపించిన వారికి మాత్రము గంటల తరబడి కండరములు కదలవు, ఊపిరి ఆడదు. యంత్రముతో శ్వాస నడపవలసియుండును. లోకపు లెక్కలో ఇది మిక్కిలి అరుదైన లోపము. మన వైశ్య సోదరులలో మాత్రము ఇది ఇతరులలోకంటె సుమారు నూరురెట్లు అధికముగ కనబడుచున్నదని పరిశోధకులు గ్రహించిరి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు విదేశీ శాస్త్రజ్ఞులతో గూడి 2017లో ప్రకటించిన పరిశోధనలో దీని మూలమును వివరించిరి. తరతరములుగా తమలో తామే వివాహము లాడు సమూహమునకు పూర్వమెన్నడో కొలదిమంది మూలపురుషులు మాత్రమే యుండినచో, వారిలో ఒకరికున్న లోపము సంతతియందంతట వ్యాపించును. వారు పరిశీలించిన దక్షిణాసియా సమూహములు 260కి పైబడినవి. వానిలో 81 సమూహములకు ఇట్టి చరిత్రయే యున్నదట. కావున ఇది ఒక కులమునకు పరిమితమైన మాట కాదు. ఎవరికిని సిగ్గుపడవలసిన మాటయు కాదు.

నరసరావుపేట వర్తక వీథులలోని మా మిత్రులకు దీనివలన కలుగు ప్రయోజనము చూడుడు. ఈ లోపమున్నవారు జీవితమంతయు ఆరోగ్యముగనే యుందురు. మత్తువైద్యునికి ముందుగ తెలిసినచో మరియొక మందు వాడును. అంతటితో ప్రమాదము తప్పును. ఇచ్చట చికిత్సకయ్యెడు వ్యయము లేనేలేదు. తెలిసికొనుటయే చికిత్స. ఇంటిలో ఎవరికైనను శస్త్రచికిత్స తరువాత మెలకువ వచ్చుట, ఊపిరి ఆడుట ఆలస్యమైనదని పెద్దలు చెప్పియున్నచో, ఆ మాట వైద్యుని చెవిని వేయుడు. పాశ్చాత్యుల గ్రంథములో అరుదని వ్రాసియున్నది గదా యని మన వైద్యులు ఉపేక్షించినచో మనకే నష్టము. మన రోగములను మనమే లెక్కింపవలెను.

వెనుక ఇట్లు లెక్కించిన వారుండిరి. వినుకొండకు దక్షిణమున, నాడు నెల్లూరు జిల్లాలో చేరియుండిన దర్శి, పొదిలి ప్రాంతములలో పండ్లు గారపట్టుట, నడుము వంగుట, మెడ తిరుగకపోవుట జనులకు తరములనాటి అనుభవము. కొందరది కర్మమనిరి, కొందరు వాతమనిరి. షార్ట్, మెక్‌రాబర్ట్ మున్నగు వైద్యులు ఆ యూళ్లకు పోయి, రోగులను చూచి, బావుల నీటిని పరీక్షించి, కారణము నీటిలోని ఫ్లోరైడ్ అని 1937లో ప్రకటించిరి. మన దేశమున ఈ వ్యాధిని గుర్తించి వ్రాసిన తొలి పరిశోధన అది. తదుపరి నల్లగొండ ప్రాంతమున యువకుల మోకాళ్లు లోపలికి వంగి యొండొంటిని తాకు వికృతి కనబడగా, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గారలు 1973లో దానిని వర్ణించిరి. పటిక, సున్నము కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరు శాస్త్రజ్ఞులు రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టిరి. బొల్లాపల్లి, వినుకొండ ప్రాంతముల బోరునీటితో అనుభవమున్నవారికి ఈ చరిత్ర పరాయిది కాదు. రోగి గడపకు పరిశోధకుడు నడచినపుడే కర్మమనుకొన్నది నీటిదోషమని తేలినది. నీటిదోషమని తేలినపుడే దానికి ప్రతిక్రియ యేర్పడినది.

యల్లాప్రగడ సుబ్బారావుగారిని ఈ సందర్భమున తలపక యుండజాలము. 1895లో భీమవరమున పుట్టిన ఆ మహానుభావుని సోదరులిరువురు స్ప్రూ యను జీర్ణవ్యాధిచే దినముల వ్యవధిలో మరణించిరి. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున పూర్తి పట్టమునకు బదులు తక్కువ పట్టముతో బయటికి రావలసివచ్చెను. 1923లో అమెరికా కేగి, పిమ్మట లెడర్లీ పరిశోధనాలయమున ఫోలిక్ ఆమ్లమును తయారుచేయించి ఆ స్ప్రూ వ్యాధికే మందు చూపెను. ఆయన బృందము తయారుచేసిన అమినాప్టెరిన్ వలన రక్తపు క్యాన్సరుగల బిడ్డలకు కొంతకాలము ఉపశమనము కలిగినదని 1948లో ఫార్బర్ అను వైద్యుడు లోకమునకు చాటెను. ఆ సంవత్సరముననే సుబ్బారావుగారు కన్నుమూసిరి. తన యింటి చావును మరువని మనుష్యుడు ఎంతటి పరిశోధకుడగునో ఆయన జీవితము చెప్పుచున్నది. అట్టివానికి స్వదేశమున చోటు లేకపోయినదన్న సంగతియు చెప్పుచున్నది.

ఇక ఆక్షేపణలకు వత్తము. జ్వరములు, పాముకాట్లు, ప్రసవమరణములు ఇంకను మనలను వదలకుండగా, వేయికొకరికి వచ్చు వ్యాధులపై ధనము వెచ్చించుట విలాసము కాదా యని కొందరు మిత్రు లడుగుచున్నారు. ఈ ప్రశ్నలో న్యాయమున్నది గనుక సూటిగా సమాధానము చెప్పెదము. మొదటిది, మేము కోరునది ముందుగ నిర్ధారణ. అది చికిత్సకంటె ఎంతయో చౌక. పైని చెప్పిన రైతు పోగొట్టుకొన్న రెండెకరముల వెలతో ఎన్ని వందల శిశువులకు రక్తపుబొట్టు పరీక్ష జరిగియుండెడిదో ఆలోచింపుడు. రెండవది, అరుదైన రోగమును శోధించుటవలన సామాన్య రోగమునకు మందు దొరకిన సందర్భములు కలవు. పసితనముననే గుండెపోటు తెచ్చు వంశపారంపర్య కొలెస్టరాల్ వ్యాధిని శోధించిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అను పండితులు, శరీరము కొలెస్టరాలును తొలగించు విధమును కనుగొని 1985లో నోబెల్ బహుమానము పొందిరి. నేడు మన పేటలలో పెద్దలు దినదినమును మ్రింగు స్టాటిన్ మాత్రల మహిమను లోకము గ్రహించినది వారి శోధన వలననే. మూడవది, సంఖ్య చిన్నదను కారణమున ఒక బిడ్డ ప్రాణమును లెక్కనుండి తీసివేయు అధికారము రాజ్యాంగము ఏ ప్రభుత్వమునకును ఇవ్వలేదు.

మరియొక భయము కలదు. దానిని మేము ఆక్షేపణగా గాక హెచ్చరికగా స్వీకరించుచున్నాము. పరిశోధన యను పేర పేదలను ప్రయోగవస్తువులుగా చేసిన చేదు అనుభవము తెలుగుదేశమునకు కలదు. 2009లో నాటి ఖమ్మం జిల్లాలో గిరిజన వసతిగృహముల బాలికలకు ఒక టీకా ప్రయోగము జరిపినపుడు తల్లిదండ్రులకు మారుగా వసతిగృహపు అధికారులే అనుమతి పత్రములపై సంతకములు చేసిరి. అప్పుడు సంభవించిన మరణములకు టీకా కారణము కాదని ప్రభుత్వ విచారణ చెప్పినను, అనుమతి పొందిన తీరును పార్లమెంటు స్థాయీసంఘము 2013లో తీవ్రముగ గర్హించెను. 2019 నాటి క్లినికల్ ట్రయల్సు నిబంధనలు అనుమతికిని, నష్టపరిహారమునకును మునుపటికంటె గట్టి కట్టుబాట్లు చేసినవి. తెలియని భాషలోని కాగితముపై వేసిన వేలిముద్ర అనుమతి కాదు. రోగికి తెలుగున వివరించి, వద్దనుటకు స్వేచ్ఛ యిచ్చి, ఫలితమును అతనికి తిరిగి చెప్పిన పరిశోధనయే పరిశోధన.

ప్రభుత్వ మేమి చేయుచున్నది? కేంద్రప్రభుత్వము 2021 మార్చిలో అరుదైన వ్యాధుల జాతీయ విధానమును ప్రకటించెను. వ్యాధులను మూడు తరగతులుగా విభజించి, ఎంపిక చేసిన ఆసుపత్రుల ద్వారా సాయము చేయుటకు పూనుకొనెను. మొదట 20 లక్షలుగా నుండిన మేరను 2022లో 50 లక్షలకు పెంచి, మూడు తరగతులకును వర్తింపజేసెను. హైదరాబాదులోని నిమ్స్ ఆ ఆసుపత్రులలో నొకటి. ఇందుకు కృతజ్ఞత చెప్పుచునే లోపమును చూపవలసియున్నది. కొన్ని వ్యాధులకు జీవితాంతము మందు వాడవలెను. బిడ్డ బరువు పెరిగినకొలది మందు మోతాదు, వ్యయము పెరుగును. 50 లక్షలు ముగిసిన మరునాడు ఆ బిడ్డ గతి యేమి? బ్రదుకుటకు మేర గీయుట యేమి విధానము? రెండవ లోపము మరియు పెద్దది. ఈ సాయమంతయు నిర్ధారణ జరిగిన పిమ్మట వచ్చునది. మాచర్లలో రైలెక్కి నిమ్స్ గడప తొక్కువరకు త్రోవ చూపువాడెవడని ఆ విధానము తగినంతగా ఆలోచింపలేదు.

మన వంతు బాధ్యతయు కలదు. మేనరికములు మనకు ప్రియమైన ఆచారము. ఆస్తి చెదరకుండుటకును, పిల్ల అత్తవారింట పరాయిది కాకుండుటకును పెద్దలు ఏర్పరచినది. దానిని నిందించుట మా ఉద్దేశము కాదు. కాని ఈ వ్యాధులలో అనేకములు, తల్లికొకటి తండ్రికొకటి మరుగున దాగియున్న లోపము బిడ్డయందు కలిసినపుడు బయటపడును. అట్టి దంపతులకు ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు ప్రమాదము కలదు. దగ్గరి బంధువులలో ఒకే లోపము దాగియుండు అవకాశమెక్కువ. ఇంట నొక బిడ్డ కారణము తెలియక చనిపోయినచో, ఆ సంగతిని సంబంధములు తప్పునని దాచక, తరువాతి కాన్పునకు ముందే వైద్యునికి చెప్పవలెను. చీటీలను పారవేయక భద్రపరుపవలెను. తల్లిపై నింద మోపు దురాచారమును మానవలెను. లోపము ఇరువైపుల నుండియు వచ్చునని శాస్త్రము చెప్పుచున్నది.

కావున మేము కోరునవి నాలుగు. పల్నాడు జిల్లాలో ప్రభుత్వాసుపత్రులందు పుట్టు ప్రతి శిశువునకును మడమ రక్తపు పరీక్ష జరుగవలెను. థైరాయిడ్ లోపముతోనైన ఆరంభింపవలెను. నరసరావుపేట ఆసుపత్రిలో నెలకొక దినము వంశపారంపర్య వ్యాధుల నిమిత్తము కేటాయించి, నిమ్స్ వైద్యులతో దూరవాణి దృశ్యసంభాషణ ఏర్పరుపవలెను. పేరు తేలని రోగములకు ఒక పట్టిక యుంచి, ఊరు, కుటుంబము, లక్షణములు గోప్యముగ నమోదు చేయవలెను. 50 లక్షల మేరను, జీవితాంతపు చికిత్సల విషయమున తొలగింపవలెను. మొదటి మూడింటికి కావలసినది పెద్ద ధనరాశి కాదు. ఒక ఉత్తర్వు, కొంత శిక్షణ, అడుగు జనము.

అడుగుట పల్నాటివారికి నేర్పవలసిన విద్య కాదు. తాము నాటని గడ్డిని పశువులు మేసినందుకు పుల్లరి యేల చెల్లింపవలెనని 1921లో ఈ గడ్డపై అడిగిన రైతులు గలరు. ఆ పోరాటమున కన్నెగంటి హనుమంతు 1922లో మించాలపాడున ప్రాణము లర్పించెను. నాడు అడిగినది పచ్చిక కొరకు. నేడు అడుగవలసినది బిడ్డ మడమనుండి తీయు నాలుగు రక్తపుబొట్ల కొరకు. మన పఠన మందిరములలో ఈ పుట చదువువారు రాబోవు జిల్లా సమావేశమునకు ఈ నాలుగు కోరికలతో ఒక విజ్ఞప్తి వ్రాసి సంతకములు చేసినచో, దానిని అధికారులకు అందజేయు భారము మేము వహింతుము. ఆ గురజాల రైతు అమ్మిన నేల తిరిగి రాదు. అతని బిడ్డకు పోయిన యేండ్లును తిరిగి రావు. అట్టి కారణముతో మరియొక దస్తావేజు వ్రాయవలసిన దినము మాకు రాకుండుగాక.